తలుపు తెలుగుది, తాళంచెవి ఎవరిది?

శెనక్కాయలు పీకే కాలంలో ఒక సాయంత్రం మంగళవాడలో ఒక ఇంటి అరుగుమీద కూర్చున్నాను. ఆ ఇంటి అవ్వ పుట్టిల్లు మడకశిర పక్క. పసుపుకుంకుమల కింద పుట్టింటివారు ఇచ్చిన రెండెకరాలు నేటికీ ఆమె పేరనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. మెట్టినింటి చేను మాత్రం కర్ణాటకది. ఈ చేనికి పహణి కావాలి, ఆ చేనికి అడంగల్ కావాలి. మన పావగడ తాలూకాలో ఇటువంటి ఇళ్లు ఎన్నో. తాలూకాకు మూడువైపులా ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పుడు పెళ్లిళ్లూ పొలాలూ గీత చూసుకొని నడవవు.

అవ్వ మనుమడు చేతిఫోను తెచ్చి చూపించాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ అది. తెలుగులో పలకరిస్తుంది, తెలుగులో అడుగుతుంది, తెలుగులో బదులిస్తుంది. “చూడు లాయరప్పా, మన మాటల్లోనే పలుకుతాది. ఇన్నేండ్లలో ఏ కచేరిలోనైనా మనతో ఇట్ల పలికినారా?” అన్నది అవ్వ. ఆ మాటకు నా కళ్లు చెమర్చాయని చెప్పడానికి సిగ్గుపడను. ఇరవై ఏళ్లుగా భాషాహక్కుల కోసం అర్జీలు రాస్తున్న వాణ్ణి నేను.

తరువాత మనుమణ్ణి అడిగాను: “ఆధార్ సంఖ్యతో సహా అన్నీ కొట్టినావు కదా నాయనా, ఇవన్నీ ఎవరికి పంపినావు?”

“గవర్నమెంటుకే కదన్నా.”

“ఏ గవర్నమెంటుకు?”

వాడు కాసేపు ఆలోచించి ఫోను నా ముందు పెట్టాడు. “ఇదిగో, ఈ పచ్చగుర్తు గవర్నమెంటుకు.”

ఆ పచ్చగుర్తు అమెరికాకు చెందిన మెటా సంస్థది. ఈ వ్యాసం ఆ పిల్లవాడి జవాబు గురించే.

ముందుగా న్యాయంగా చెప్పవలసినది చెబుతాను. 2024 అక్టోబరు 22న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెటాతో ఒప్పందం కుదుర్చుకొంది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ను 161 సేవలతో ప్రారంభించింది. తరువాతి నెలల్లో సేవల సంఖ్య అనేక రెట్లు పెరిగింది. కులధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఇంటర్మీడియట్ హాల్‌టికెట్టు, కరెంటు బిల్లు, దేవస్థానపు దర్శనం, బస్సు టికెట్టు అన్నీ ఆ ఒక్క కిటికీలోనే. ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరిగే ముసలివారికి ఇది మేలే. దాన్ని కాదనేవాడు పల్లె ఎరుగనివాడు.

నా తగాదా ఆ సేవతో కాదు. ఆ సేవను చూసి చప్పట్లు కొట్టి అంతటితో ఊరుకొన్న మన భాషోద్యమ మిత్రులతో. “తెలుగు గెలిచింది, ఇక మాట్లాడేదేముంది?” అంటున్నారు వారు. ప్రభుత్వం ప్రజలతో ప్రజల భాషలో మాట్లాడటం ఎవరో పెట్టిన భిక్ష కాదు. అది బాధ్యత. ఏ వ్యక్తి అయినా తన కష్టాన్ని కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చునని రాజ్యాంగంలోని 350వ అధికరణం చెబుతోంది. జిల్లాలోగాని తాలూకాలోగాని పదిహేను శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను అనువదించి ప్రచురించాలని భాషాల్పసంఖ్యాకుల రక్షణల పథకం చెబుతోంది. ఆ పథకానికి మూలం 1956 నాటి మెమొరాండం. అంటే తెలుగు మనకు రావలసిన బాకీ. బాకీ తీర్చేటప్పుడు ఎవరైనా మన ఇంటి వివరాలు కుదువ అడుగుతారా? గాలానికి గుచ్చిన ఎర మన అమ్మనుడే అయితే, అది మన అమ్మనుడి గదా అని మురిసిపోవాలా?

వాట్సాప్ గుట్టు బయటికి పోదు, పంపినవాడూ అందుకొన్నవాడూ తప్ప మూడోవాడు చదవలేడు అని చదువుకున్నవారే నాతో వాదించారు. ఇద్దరు మనుషుల నడుమ సందేశాల విషయంలో అది నిజమే. ఉత్తరం అరక్కు వేసిన కవరులో పోతుంది. ఒక సంస్థతో మాట్లాడేటప్పుడు సంగతి వేరు. పెద్ద సంస్థలు లక్షల సందేశాలను అందుకోవడానికి మెటా వారే నడిపే క్లౌడు సేవను వాడుకోవచ్చు. అలా వాడుకొన్నచోట కవరు మెటా గడప దాకానే మూసి ఉంటుంది. అక్కడ విప్పి ఆ సంస్థకు అందజేస్తారు. ఆ సంస్థ తన తరఫున మరో కంపెనీని పెట్టుకొంటే అక్కడ ఇంకొక చేయి. ఇది నా ఊహ కాదు. ఆ సేవ వాడే సంస్థల సంభాషణ పైన, ఈ మాటలను నిర్వహించడానికి ఈ సంస్థ మెటా సేవను వాడుతోందన్న అర్థం వచ్చే వాక్యాన్ని వాట్సాప్ తానే చూపిస్తుంది. ఎంతమంది చదువుతారు? చదివినవారిలో ఎంతమందికి బోధపడుతుంది?

మరి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకొన్న ఏర్పాటు ఏది? నడుమ ఎన్ని చేతులున్నాయి? అవ్వ ఆధార్ సంఖ్య ఏ దేశంలోని యంత్రంలో ఎన్నాళ్లు ఉంటుంది? ఒప్పందం ముగిసిన రోజున దాన్ని చెరిపేస్తారా? చెరిపేశారని తేల్చేవారెవరు? ఇవి ఆ సేవను వాడే ప్రతి కుటుంబానికీ తెలుగులో, ఒక పుటలో, అడగకుండానే చెప్పవలసిన సంగతులు. అడంగల్ ఇవ్వడానికి తెలుగు వచ్చిన ప్రభుత్వానికి ఈ పుట రాయడానికి తెలుగు రాదా?

మెటాను నేను దొంగ అనడం లేదు. కాని దాని చరిత్ర న్యాయస్థానాల దస్త్రాల్లో ఉంది. 2021లో వాట్సాప్ తన గోప్యతా విధానాన్ని మార్చి, ఒప్పుకొంటే వాడండి, లేకుంటే మానండి అన్న పద్ధతిలో జనం ముందు పెట్టింది. దానిపై మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2025 నవంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వులో కొంత భాగాన్ని కొట్టివేసినా జరిమానాను నిలిపింది. యూరప్ ప్రజల వివరాలను అమెరికాకు తరలించినందుకు ఐర్లండు అధికారులు 2023లో 120 కోట్ల యూరోలు జరిమానా విధించినది కూడా ఈ సంస్థకే. గమనించండి: ‘మన మిత్ర’ ఒప్పందం జరిగిన నెల తిరగకముందే మన దేశంలోని జరిమానా ఉత్తర్వు వెలువడింది. ఆ తరువాతనైనా ప్రభుత్వం ఒప్పందాన్ని తిరిగి చూసుకొందా, కొత్త షరతు ఏదైనా చేర్చిందా? ఆ సంగతి ప్రజలకు చెప్పవలసిన అవసరం లేదా?

ప్రభుత్వాలు పరాయి యంత్రాన్ని కొనేటప్పుడు కాగితంలో ఏమి రాసుకొంటాయో మనకు ఒక పాత అనుభవం ఉంది. ఆధార్ కోసం 2010లో విదేశీ కంపెనీల సాంకేతికతను తీసుకొన్నారు. అందులో అమెరికాకు చెందిన ఎల్-1 ఐడెంటిటీ సొల్యూషన్స్ ఒకటి, ఫ్రాన్సుకు చెందిన మోర్ఫో ఒకటి. ఆ ఒప్పందపు ప్రతిని బెంగళూరుకు చెందిన ఒక విశ్రాంత సైనికాధికారి సమాచార హక్కు కింద రాబట్టగా 2017లో అది వార్తల్లోకి వచ్చింది. ఒప్పందం వల్ల దేశవాసుల వ్యక్తిగత సమాచారం కంపెనీ బృందానికి అందే అవకాశం ఉందన్న భావం అందులో ఉంది. మా వివరాలు మా సొంత యంత్రాల్లోనే ఉన్నాయి, బయటివారికి అందవు అని ఆధార్ సంస్థ జవాబు చెప్పింది. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టులోని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు ఆ జవాబుతో తృప్తిపడ్డారు. జస్టిస్ డి.వై. చంద్రచూడ్ తృప్తిపడలేదు. వేలిముద్రలను సరిపోల్చే సాఫ్టువేరు మూలసంకేతం విదేశీ కంపెనీ సొత్తు, మనం అనుమతి తీసుకొని వాడుకొనేవారం మాత్రమేనని తన భిన్నతీర్పులో ఎత్తిచూపారు.

ఈలోగా ఆ కంపెనీ ఏమయింది? 2011లో ఎల్-1ను ఫ్రాన్సు వారి సాఫ్రాన్ కొన్నది. 2017లో సాఫ్రాన్ ఆ వ్యాపారాన్ని అమ్మివేయగా అది మరొక సంస్థతో కలిసి ఐడెమియా అయింది. పదేళ్లు తిరగకముందే యజమానులు ఇన్నిసార్లు మారారు. మన వేలు మారలేదు, మారదు కూడా. సంతకం పోతే కొత్త సంతకం నేర్చుకోవచ్చు. వేలిముద్ర పోతే కొత్త వేలు మొలవదు.

వేలిముద్ర పోవడమంటే ఏమిటో సరిహద్దు కుటుంబాలకు తెలియాలి. మనలో చాలామందికి రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. 2018లో తెలంగాణలో భూముల దస్తావేజుల మీది వేలిముద్రలను రబ్బరు అచ్చులుగా మార్చి వేలాది సిమ్ కార్డులు తీసిన వ్యవహారం బయటపడింది. 2023లో కర్ణాటకలో రిజిస్ట్రేషన్ల ‘కావేరి’ వ్యవస్థలోని దస్తావేజుల వేలిముద్రలతో ఆధార్ చెల్లింపుల మార్గంలో బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు లాగేశారు. ఆ తరువాతనే ముద్రలు కనిపించకుండా కప్పే పని మొదలయింది. అంతకుముందు 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం బహిరంగంగా కనిపించాయి. ఈ మూడింటిలో దేనికీ విదేశీ కంపెనీ కారణం కాదు. తన ఇంటి తలుపు తానే వేసుకోలేని యజమాని, తాళంచెవిని పొరుగూరివాడికి అప్పగిస్తానంటే నమ్మేదెట్లా అన్నదే నా ప్రశ్న. (సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను: ఆధార్ వేలిముద్రలకు ‘బయోమెట్రిక్ లాక్’ వేసుకొనే వీలుంది. ఆధార్ యాప్‌లోగాని వెబ్‌సైటులోగాని వేసుకొని, అవసరమైనప్పుడు మాత్రమే తీయండి. ఇంట్లోని పెద్దలకు పిల్లలు వేసిపెట్టండి.)

“మాకు దాచుకోవడానికి ఏముంది? రెండెకరాల మెట్ట, నాలుగు గొర్రెలు” అని రచ్చకట్టమీద నన్ను ఎదిరించినవారున్నారు. ఉంది. మీరు ఏ భాషను ఎంచుకొన్నారన్నదే ఒక సమాచారం. పరాయి రాష్ట్రంలో ఉండి తెలుగు మీట నొక్కిన కుటుంబాల జాబితా ఒక యంత్రంలో తనంతట తానే తయారవుతుంది. సరిహద్దులో భాష పేరిట గొడవలు ఎలా రాజుకొంటాయో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2025 సెప్టెంబరులో కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషన్ ఇంటింటి సామాజిక, విద్యా సర్వే చేపట్టినప్పుడు, జవాబు చెప్పడం స్వచ్ఛందమనీ సేకరించిన వివరాలను ఎవరికీ వెల్లడించరాదనీ కర్ణాటక హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మన ఇళ్లకు వచ్చిన గణకులు ఆ ‘స్వచ్ఛందం’ అన్న మాటను తెలుగులో ఎందరికి చెప్పారో మీ మీ ఇళ్లలో మీరే గుర్తు చేసుకోండి.

అల్పసంఖ్యాకులు ఈ విషయంలో ఊరకే ఉండనక్కరలేదని కెన్యా చూపించింది. అక్కడ 2019లో ప్రభుత్వం ‘హుదుమా నంబా’ పేరుతో ప్రజలందరి వేలిముద్రలు తీసింది. యంత్రాలు సరఫరా చేసినది మనం పైన చూసిన ఐడెమియాయే. బ్రిటిషువారి కాలంలో సూడాన్ నుంచి సైనికులుగా వచ్చిన నూబియన్ల సంతతి ఆ దేశంలో చిన్న వర్గం. గుర్తింపు పత్రాల కోసం తరతరాలుగా తిప్పలు పడినవారు. వారి హక్కుల సంఘం కోర్టుకెక్కింది. వివరాల రక్షణకు సరైన నియమావళి ఏర్పడేదాకా పథకం ముందుకు సాగరాదని 2020 జనవరిలో అక్కడి హైకోర్టు చెప్పింది. 2021 అక్టోబరులో మరొక వ్యాజ్యంలో, ప్రజలపై పడే ప్రభావాన్ని ముందుగా అంచనా వేయకుండా కార్డులు జారీచేయడం చెల్లదని తీర్పు వచ్చింది. నూబియన్లు మన తాలూకాలోని తెలుగువారికంటె బలవంతులేమీ కారు.

మన దగ్గర చట్టం లేదా? ఉంది. పావగడ వారికి గర్వకారణమైన సంగతి కూడా ఒకటుంది: గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిన వ్యాజ్యం వేసినది మన కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ తీర్పు పుణ్యమా అని 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అందులో భాషోద్యమకారులు అచ్చువేయించి గోడకు తగిలించుకోవలసిన నిబంధన ఒకటుంది. సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగపు ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనాగాని చదువుకొనే వీలు కల్పించాలి. షెడ్యూలులోని ఇరవైరెండు భాషల్లో తెలుగు ఒకటి. ఆ హక్కు రాష్ట్రపు గీత దగ్గర ఆగదు. మంగళవాడలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా తెలుగు తెలుగే.

కాని చట్టం రాసినవారు చేత్తో ఇచ్చి మోచేత్తో లాగారు. రాయితీ, ప్రయోజనం, ధ్రువపత్రం, లైసెన్సు ఇవ్వడానికి ప్రభుత్వం వివరాలు వాడుకొనేటప్పుడు కొత్తగా సమ్మతి అడగనక్కరలేని దారిని ఏడో సెక్షనులో తెరిచారు. సమ్మతే అడగనప్పుడు సమ్మతి నోటీసు ఎక్కడిది? నోటీసే లేనప్పుడు తెలుగు ఎక్కడిది? అవ్వ వంటివారికి ప్రభుత్వంతో పడే పనులన్నీ ఆ దారిలోనివే. నియమావళి ప్రకారం పౌరుడికి ఏదో ఒక తెలియజేత ఉండాలి, నిజమే. అది ఫలానా భాషలో ఉండాలన్న గట్టి మాట అక్కడ లేదు. మనం పట్టుబట్టవలసిన చోటు అదే.

అమలు తీరు ఇంకా విచిత్రం. నియమావళిని 2025 నవంబరులో ప్రకటించారు. పౌరుడికి హక్కులిచ్చే ముఖ్యమైన సెక్షన్లకు పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. అదే చట్టం సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణను మాత్రం వెంటనే అమల్లోకి తెచ్చారు. ఆ సవరణతో ‘వ్యక్తిగత సమాచారం’ అంటూ దరఖాస్తును తిప్పికొట్టడం అధికారికి మునుపటికంటె సులువయింది. మనకు రావలసినది నెమ్మదిగా నడిచి వస్తోంది, మననుంచి తీసుకోవలసినది బస్సెక్కి వచ్చేసింది.

ఈ పక్క కర్ణాటక మాటా చెప్పాలి. ఇక్కడి ప్రభుత్వం మనతో ఏ యంత్రంలోనూ తెలుగులో మాట్లాడదు. యంత్రాల మీది రాత ఇంగ్లీషు, ఫారం కన్నడం, వేలు పెట్టేవాడి నోట తెలుగు. ఆమధ్య ఒక సేవాకేంద్రంలో, ఏ ఊరో చెప్పను, నా కక్షిదారుడొకరు ఇంగ్లీషు అంగీకారపత్రం కింద వేలిముద్ర వేస్తుంటే అడ్డుపడి చదివి చెప్పమన్నాను. కూర్చున్న పిల్లవాడు నిజాయితీగా అన్నాడు: “సార్, నేనూ చదవలేదు.” చదవనివాడు చదవరానివాడి చేత వేయించిన ముద్రను న్యాయశాస్త్రం సమ్మతి అంటుందా? ఒప్పంద చట్టపు పదమూడో సెక్షను ప్రకారం సమ్మతి అంటే ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకోవడం. 1872 నుంచీ ఉన్న మాట ఇది.

పరాయి కిటికీ లేకపోతే పని జరగదా అంటే, జరిగింది గదా! కర్ణాటక రైతుల పహణీలను కంప్యూటరుకెక్కించిన ‘భూమి’ సాఫ్టువేరు మన దేశపు ప్రభుత్వసంస్థ ఎన్.ఐ.సి. తయారుచేసినదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో వచ్చిన మీసేవ ఏ వాట్సాప్ మీదా ఆధారపడలేదు. చేతిలో ఉన్న ఫోనులోకే సేవ రావాలంటే రానివ్వండి. అదొక్కటే దారి కాకూడదు. అదే తెలుగు, అదే సౌకర్యం ప్రభుత్వపు సొంత వెబ్‌సైటులోనూ, సచివాలయపు బల్ల దగ్గరా సమానంగా ఉంటే, పచ్చగుర్తును ఎంచుకోవడం అప్పుడు నిజమైన ఎంపిక అవుతుంది.

నేను రెండు కాగితాలు తయారుచేశాను. ఒకటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, సమాచార హక్కు చట్టం కింద. మెటాతో ఒప్పందపు పూర్తిపాఠం, నడుమ ఉన్న కంపెనీల పేర్లు, వివరాలు నిలవచేసే చోటు, గడువు, చెరిపివేత షరతు అడిగాను. వ్యాపార రహస్యమని తిప్పికొడితే, అదే ఎనిమిదో సెక్షనులో విస్తృత ప్రజాప్రయోజనం అన్న మినహాయింపు ఉందని ముందుగానే రాశాను. రెండవది కర్ణాటక ప్రభుత్వానికి. సమాచార హక్కు దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికారభాషలోనే ఉండాలి కనుక తెలుగులో రాస్తే ఇక్కడ తిరస్కరించవచ్చు. అందుచేత దాన్ని 350వ అధికరణం కింద విజ్ఞాపనగా తెలుగులో రాశాను: ప్రజల వేలిముద్ర, ముఖం, ఇంటి వివరం తీసుకొనే ఏ యంత్రాన్ని కొన్నా, ఆ యంత్రం ముందు పెట్టే అంగీకారపత్రం తెలుగులోనూ ఉండాలని. నకళ్లు కావలసినవారు పత్రిక చిరునామాకు రాయండి. పేరు, ఊరు మార్చుకొని మీ మీ తాలూకాల నుంచి పంపవచ్చు.

ఆ రెండో కాగితాన్ని మంగళవాడ అరుగుమీదనే అవ్వకు చదివి వినిపించాను. మొత్తం విన్నది. రెండుచోట్ల ఆపి అర్థమడిగింది. సంతకం పెట్టడం వచ్చునని, వేలిముద్ర వద్దని, మనుమడి దగ్గర పెన్ను తీసుకొని నెమ్మదిగా తెలుగులో రాసింది.

“దీన్ని కూడా ఆ పచ్చదాంట్లోనే పంపిస్తావా లాయరప్పా?” అని అడిగింది.

“లేదవ్వా, స్పీడుపోస్టులో” అన్నాను.